తడిగుడ్డ పెట్టకండి

అంటించిన రోజే చెప్పాడు అబ్బులు,
జిగురు చేతులు లుంగీకి తుడుచుకుంటూ:
"తడిగుడ్డ పెట్టకండమ్మా,
ఇది సున్నం కాదు, కాగితం.
పట్టుచీరలా చూసుకోవాలి."
ఆయ్, అన్నాను.
పదకొండు మంది తిరిగే ఇంట్లో
పట్టుచీరనైనా నేనేం చూసుకున్నాను గనక.

రావులపాలెంలో బేరమాడి తెచ్చిన నాలుగు చుట్టలు.
లేత ఆకుపచ్చ మీద సన్నటి వెదురాకులు.
అంబాజీపేటలో పుట్టి అంబాజీపేటకే కోడలినై
కొబ్బరాకు కాని ఆకు ఒకటి
ఇంట్లో ఉండాలనిపించింది.
పెరటి వెనకే పంటకాలువ.
నీళ్లు వదిలిన వారానికల్లా
గోడ అడుగునుంచి చెమ్మ ఎక్కుతుంది,
పిల్లి మెట్లెక్కినట్టు.

రోజూ పొద్దున్నే ఎండుగుడ్డ, పైనుంచి కిందికి.
పెన్సిలు గీతలకి తెల్ల రబ్బరు,
రంగుది పెడితే గీత పోయి రంగు మిగులుతుంది.
వేలిముద్రలకి నిన్నటి బ్రెడ్డు:
మెత్తటి లోపలి భాగం ఉండచుట్టి
అద్ది తీస్తే మురికి దానికెక్కుతుంది.
"గోడకి టిఫిను పెడుతున్నావేటే"
అని అరుగు మీంచి చిన్నత్త.
చెమ్మకి ఉబ్బిన చోట
పశువులాసుపత్రిలో పనిచేసే మరిది తెచ్చిన
కొత్త సిరంజితో జిగురు ఎక్కించి
గరిటె వెనకతో నొక్కాను.
మందుల చీటీ గోడకి టేపేసి అంటించారు మామగారు.
పీకితే
రెండు వెదురాకులు దాంతోనే వచ్చేశాయి.

అన్నీ ఓర్చాను, ఒక్కదాన్ని తప్ప.
వంటింటి గుమ్మాన్ని ఆనుకుని
అరచేతంత, గుండ్రటి నూనె మరక.
పౌడరు అద్ది రాత్రంతా ఉంచి
పొద్దున్న బ్రష్షుతో దులిపితే సగం పోయేది.
వారం తిరక్కుండా మళ్లీ నిండేది.

విచారణ పెట్టాను.
యశ్వంతు తలకి నూనె రాసి ఏడాదైందట, జెల్లేనట.
లాస్యశ్రీ ఆ గుమ్మం వైపే రాదట, పని చెప్తానని.
దొరబాబు తల తడిమి చూపించాడు,
నున్నటి కొబ్బరిచిప్ప.
మామగారైతే ఏం పోయిందో వినకుండానే
నేను కాదన్నారు.

ఆఖరికి అత్తయ్య టేపు పట్టుకుని లేచింది.
నలభై ఏళ్లు జాకెట్లు కుట్టిన చెయ్యి.
ఒక్కొక్కర్నే గోడకి నిలబెట్టి కొలిచింది.
ఒకరికి చెవి దగ్గర, ఒకరికి గెడ్డం దగ్గర,
చిన్నాడికైతే ఆకాశంలో.
"నువ్వు నిలబడవే."
నేనెందుకూ, అంటూనే నిలబడ్డాను.
నా తల వెళ్లి ఆ గుండ్రంలో
సీసాకి మూతలా కూర్చుంది.

ఇల్లంతా నవ్వింది. నేనూ నవ్వాను.
కానీ ఎప్పుడు ఆనుకున్నాను?
రాత్రి గిన్నెలు తోముతూ వెతుక్కున్నాను.
మధ్యాహ్నం రెండు దాటాక,
మేడ మీద ట్యాంకు నిండితే మోటారు ఆపాలని
అక్కడ నిలబడతాను కదా, ఆ కాసేపు.
ఎనిమిది నిమిషాలు. పోనీ పది.
కళ్లు మూసుకుంటానేమో కూడా.
ఈ ఇంట్లో నడుం వాల్చిన రోజు లేదని
ఊరందరికీ చెప్పుకుంటూ వచ్చాను.
గోడ ఒప్పుకోలేదు.

అటక మీద చుట్ట మిగిలింది, ముక్క వేయమంటే
అబ్బులు వచ్చి, చూసి, తల అడ్డంగా ఊపాడు.
"పాత ఆకు ఎండకి వెలిసిపోయిందండి,
కొత్త ముక్క దొంగలా పట్టిచ్చేస్తుంది."
సరే, టీ తాగి వెళ్లమన్నాను.
మళ్లీ పౌడరు, మళ్లీ బ్రష్షు.
పోయినంత పోయింది.

కాగితానికి మేకు కొట్టకూడదు.
గుమ్మం చెక్కకి కొట్టి
పాత తువ్వాలు ఒకటి నాలుగు మడతలేసి తగిలించాను,
సరిగ్గా నా తల ఎత్తున.
ఎందుకే అది, అంది అత్తయ్య.
గోడ పాడవకుండా, అన్నాను,
మోటారు వేయడానికి వెళ్తూ.